మసీదు మెట్ల కాడ గ్లాసెడు నీళ్లు

అత్తమ్మా, నువ్వు పోయి ఇయాల్టికి ఏడాది. నీ మనుమరాలు దడుసుకున్నది. పట్నంల హిందూ ముస్లిం కొట్లాటలైనయని రేడియోల చెప్పినంక మన జహీరాబాద్ బజారుల జనం ఉరుకుతుంటే చూసింది. అప్పటిసంది జరం, నిద్రల ఏడుపు.

నమాజు చదివి వచ్చేటోళ్లు నీళ్లల్ల ఊదితె దడుపు పోతదని నన్ను తోల్కపోయేదానివి కద. ఇయాల పొద్దుగూకంగ గ్లాసు పట్టుకొని నేనే పోయిన, ఇంట్ల చెప్పకుంట. మునుపు ఆ మెట్ల కాడ మనసొంటి హిందువుల ఇండ్ల తల్లులు ఎంతమందో నిలబడేటోళ్లు. ఇయాల నేనొక్కదాన్నే. “లోపల బొమ్మ ఉండదు. రూపం లేని దేవునికి సేటు, కూలి చేసేటోడు ఒక్క వరుసల మొక్కుతరు” అని నువ్వు చెప్పింది యాది చేసుకుంట నిలబడ్డ.

నమాజు కాంగనే అందరు తలకాయలు వంచుకొని గబగబ పోయిన్రు. నాకెంత భయమో వాళ్లకూ అంతే. ఆఖరికి ఒక ముసలాయన ఆగి, దువా చదివి నీళ్లల్ల ఊదిండు. గ్లాసు నా చేతికిచ్చి బజారు దిక్కు చూసిండు.

“జల్ది ఇంటికి పో బిడ్డా” అన్నడు.

సగం నీళ్లు పిల్లకు తాపిన. తలుపు గొళ్లెం పెట్టి, మిగిలిన సగం నేను తాగిన.