నాన్నగారి తిథి

నూజివీడు,
12-5-1949.

చి.సౌ. బాలకు అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

అమ్మ అన్నం తింటోందా అని అడిగావు. మజ్జిగలో కలిపి పెడితే రెండు ముద్దలు తింటోంది. మొన్న రెడ్డిగూడెం నుంచి రసాలు వస్తే ఒకటి పిండి ఇచ్చాను, ఇష్టంగా తాగింది. మంచం మాత్రం దిగడం లేదు. "ఆయన పోయిన తిథి తెలుసుకోరా. నేను పోయేలోగా ఒక్కసారైనా సరైన రోజున తద్దినం పెట్టు" అని రోజూ ఒకటే పాట.

నువ్వూ అదే పట్టు పట్టావు కదా, బందరు కచేరీకి వెళ్లాను. హనుమాన్ జంక్షన్‌లో బస్సు కోసం రెండు గంటలు ఎండలో మాడాను. నాన్నగారు జర్మనీ యుద్ధంలో పటాలం గుమస్తాగా బస్రా వెళ్లారు కనుక పింఛను కాగితాలు ఉండి తీరాలన్నావు. ఉన్నాయి. రికార్డు రూములో రామకృష్ణగారని ఒక గుమస్తా కోర్టు కట్టా, పింఛను కట్టా దులిపి ముందు పెట్టి, "మీరే చదువుకోండి" అన్నారు.

కోర్టు కట్టలో ఉన్నది నీకు తెలిసిందే. 1917 తర్వాత కబురు లేదు. కర్మ చేయడానికి పన్నెండేళ్లు ఆగాలన్నారు పురోహితులు. తోట నా పేరుకు మారడానికి ఏడేళ్లు చాలన్నాడు ప్లీడరు. నేను ప్లీడరు మాటే విన్నాను. దర్భలతో బొమ్మ చేసి దహనం చేశాను. అమ్మ బొట్టు చెరిపించి, జుట్టు తీయించాం.

పింఛను కట్టలో 1926 నాటి అర్జీ ఉంది. అంటే కబురు ఆగిన తొమ్మిదో ఏడు. నాన్నగారి దస్తూరీయే, బాలా. జబ్బుపడి పరాయి దేశంలో చిక్కుకుపోయారట. "నాకు కర్మ జరిపించారని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. కర్మ అయినవాణ్ణి, కొడుకు వచ్చి పిలిస్తేగాని గడప తొక్కరాదు. ఉమాపతిని పిలిపించండి, చూస్తే పోల్చుకుంటాడు" అని రాశారు.

ఇరవైమూడేళ్లుగా నీకు చెప్పనిది ఇప్పుడు చెబుతున్నాను. ఆయన్ని చూసి పోల్చడానికి రమ్మని కచేరీ నుంచి తాఖీదు నాకు అందింది. అబద్ధం చెప్పి తోట రాయించుకున్నానని జైల్లో పెడతారని భయపడ్డాను. పింఛను కోసం ఎవడో వేషం వేశాడని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. వెళ్లి చూడనైనా చూడకుండా, "ఆయన మా నాన్నగారు కారు" అని రాసి పంపాను. ఆ కాగితం అర్జీతో కలిపి కుట్టి ఉంది. దాని కింద ఒక్కటే వాక్యం, అర్జీదారు మళ్లీ రాలేదని. ఎటు వెళ్లారో, ఎక్కడ పోయారో ఇంకెక్కడా లేదు. తిథి ఇక దొరకదు.

ఇంటికొచ్చి అమ్మతో తిథి దొరకలేదని మాత్రమే అన్నాను. మిగతాది చెప్పలేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "పోనీలే నాయనా, నువ్వేం చేస్తావు. బతికుంటే మాత్రం ఆయన ఇంటికి రాకుండా ఉండే మనిషి కాదు" అంది.

ఇట్లు,
నీ అన్నయ్య
ఉమాపతి