ఇనుప చెట్టు కింద రత్తమ్మ

తణుకు,
జూన్ 4.

గౌరవనీయులైన అల్లుడుగారు జయంత్ గారికి,

మీ అత్తగారు శ్యామలాంబ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ, మీ ఆవిడ సాయిప్రసన్నా ప్రాణాలతో ఉన్నాం. ఈ ఎండల్లో అంతకుమించి క్షేమం చెప్పుకుంటే గొప్పలకు పోయినట్టుంటుంది. రాజమండ్రిలో మీ ఏసీ ఆఫీసులో మీరు చల్లగానే ఉన్నారని నమ్ముతున్నాను.

మా బజారుని మీ కంపెనీ హరిత స్మార్ట్ వీధిగా మార్చింది కదండీ. డిజైను గీసిన మహానుభావులు మీరే కాబట్టి, అది ఎలా ఉందో మీకు తెలియాలి. మా స్టీలు సామాన్ల కొట్టు ముందున్న కానుగ చెట్లన్నీ కొట్టించారు. వేళ్ళు పేవ్‌మెంటుని పాడుచేస్తాయన్నారు. వాటి బదులు ఇనుప చెట్టు నిలబెట్టారు. పైన సోలారు పలకలు, కింద ఫోను ఛార్జింగు, పక్కన ఎండ ఎంతుందో చూపించే బోర్డు. నీడ తీసేసి, నీడ లేక ఎంత మాడుతున్నామో చెప్పే యంత్రం పెట్టడానికి ఎంత చదువు చదవాలండీ? ఇది ఊపిరి పీల్చుకునే వీధి అని ప్రారంభం రోజు మైకులో చెప్పారు. మీ పచ్చరంగు సిమెంటు మీద కుక్క కూడా పడుకోవడం లేదు.

మా కొట్టు ముందు పూలమ్మే రత్తమ్మని మరిచిపోయి ఉండరు. మీ పెళ్ళికి అమ్మాయికి పూలజడ కుట్టింది ఆవిడే. ఎప్పుడూ కానుగ కింద కూర్చునే మనిషి, పోయిన నెల ఒక మిట్టమధ్యాహ్నం మీ ఇనుప చెట్టు కింద కూర్చుని బుట్ట మీదకి ఒరిగిపోయింది. నేనూ అమ్మాయీ కొట్టులోకి మోసుకొచ్చి తడిగుడ్డలు కప్పాం. ఒళ్ళు కాలిపోతోంది, మాట ముద్దగా వస్తోంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు డాక్టరుగారు. బతికింది గానీ ఇప్పటికీ గుమ్మం దాటి రాలేకపోతోంది.

ఆ సంగతి అమ్మాయి ఫోనులో చెబితే, బోర్డు సరిగ్గా పనిచేస్తోందా అని అడిగారట. భేషుగ్గా పనిచేస్తోందండి. ఆవిడ పడిపోయినప్పుడు నలభై నాలుగు చూపించింది.

మొన్న కాలువగట్టు చెట్లు కొట్టడానికి మీ మనుషులు రంపాలతో దిగారు. ఈలోగా కోర్టు నుంచి ఆర్డరు వచ్చి పని ఆగిపోయింది. మీ సైటు ఇంజనీరు బుల్లిబాబు కొట్టుకొచ్చి, కేసు వేసిందెవరో తెలుసా అండీ అని అడిగాడు. గిన్నెలమ్ముకునేదాన్ని, నాకేం తెలుస్తుంది నాయనా అన్నాను.

అత్తగారు నోరు పారేసుకుందని అనుకుంటే అనుకోండి.

ఆశీస్సులతో,
శ్యామలాంబ

తా.క.: కేసు వేసింది మీ ఆవిడేనండి. నాకు మోకాళ్ళ నొప్పులని మీతో చెప్పి వచ్చింది గానీ, నా మోకాళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. మొగుడి ఉద్యోగం గురించైనా ఆలోచించవే అని బతిమాలాను. కానుగలు కొట్టొద్దని ఇంట్లో చెప్తే ఆయన నవ్వారమ్మా, కోర్టులో నవ్వరుగా అంది. మరి తిరిగి రాజమండ్రి ఎప్పుడు వెళ్తావని అడిగాను. క్యారేజీ తీసుకుని రత్తమ్మకి అన్నం పెట్టడానికి వెళ్ళిపోయింది.