పారేసే ఉద్యోగం

మామయ్యకి నమస్కారాలు.

ఫోన్లో తిట్టిన తిట్లు గాలికి పోతాయనీ, కాగితం మీదైతే నిలుస్తాయనీ నువ్వు ఉత్తరాలే రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. ఉద్యోగంలో చేరాను.

ఇక్కడ భూమి లోపల పెద్ద గుండ్రటి సొరంగం ఉంది. అందులో కంటికి కనపడని కణాల్ని ఎదురెదురుగా పరుగెత్తించి గుద్దిస్తారు. సెకనుకి కోట్ల గుద్దులు! అన్నిటి వివరాలూ దాచాలంటే ఎన్ని కంప్యూటర్లూ చాలవు. అందుకని పనికొచ్చేవి గుప్పెడు ఉంచి, మిగతావి అక్కడికక్కడే పారేస్తారు. ఉంచినవాటిని సర్వర్లలో సర్దే ప్రోగ్రాములు రాయడం నా పని. బాగా నడిస్తే నేనున్నానని ఎవరికీ తెలియదు. ఆగిపోతే అందరికీ తెలుస్తుంది.

మా పై అధికారిని అందరూ గడ్డం గారంటారు. మనిషికంటే ముందు గడ్డం గదిలోకి వస్తుంది. నా ప్రోగ్రాము చూసి "ఈ చెత్త ఎవరు నేర్పారమ్మా నీకు?" అన్నాడు. ఆయన పాత ప్రోగ్రాములోంచే దించానని చెప్పలేదు. ఆర్నెల్ల తర్వాత నన్ను ఖాయం చెయ్యాలో వద్దో డైరెక్టరు గారికి చెప్పేది ఆయనే.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క. మా గదికి కిటికీ లేదు. గోడకి సముద్రం బొమ్మ అంటించారు. అదీ సగం ఊడింది.

*

చిరంజీవి మేనకోడలికి మామయ్య దీవెనలు.

నీ ఉత్తరం చదివి నాకు మతి పోయింది. అంత చదువూ చదివి చేరిన ఉద్యోగం ఇదా? ఒకడు గుద్దిస్తాడు, ఒకడు పారేస్తాడు, మిగిలిన ముక్కలు నువ్వు సర్దుతావు! దీనికి సొరంగం ఎందుకు, మన వంటింట్లో చాలదూ?

నేను పార్సిల్ ఆఫీసులో హెడ్ గుమస్తాగా రిటైరైనవాణ్ని. చిరునామా చెరిగినదైనా సరే, తాడు తెగినదైనా సరే, ఒక్క పార్సిలు పారేసి ఎరగను. రేపు ఎవడో వచ్చి "నాదేదీ?" అంటే ఏం చెబుతాం? పారేసేవాడికి బుర్ర అక్కర్లేదు. దాచేవాడికే కావాలి. మీ గడ్డానికి ఒళ్లు బద్ధకం, దానికి సైన్సని పేరు పెట్టుకున్నాడు.

నువ్వు మాత్రం చేతికొచ్చింది ఏదీ పారేయకు. ఇదేం పద్ధతని మీ డైరెక్టరుని నేనే ఉత్తరం రాసి నిలదీస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య

తా.క. కవరు అంటించేముందు ఈ ముక్క రాస్తున్నది నేను, అత్తయ్యని. ఆయన దీనికోసం కొత్త పెన్ను కొన్నారు. వేళకి తిను.

*

మామయ్యకి వెయ్యి నమస్కారాలు.

నీ కాళ్లు పట్టుకుంటాను, డైరెక్టరు గారికి రాయకు. ఇక్కడ కొంప మునిగింది.

కొలతలు సరిగ్గా పడని రికార్డులు కొన్ని వస్తాయి. వాటిని నా ప్రోగ్రాము తుడిచెయ్యాలి. తుడిచే లైను రాస్తుంటే వెనక నువ్వు నిలబడి దగ్గినట్టనిపించింది. సరేలే అని, తుడవకుండా పక్కన దాచేలా రాశాను. నిన్న ఆ చెత్తతో డిస్కు నిండిపోయి, మంచి రికార్డులకి చోటు లేక, రికార్డింగే ఆగిపోయింది. సొరంగంలో గుద్దులు నడుస్తూనే ఉన్నాయి, పైన రాసుకునే దిక్కు లేదు. కంట్రోల్ రూములో తలలు నెరిసిన సైంటిస్టులందరూ కుర్చీలు తిప్పి నన్నే చూశారు. "చెత్తకుప్పకి కాపలా పెట్టుకున్నాం ఈ పిల్లని" అన్నాడు గడ్డం గారు, అందరికీ వినపడేలా.

వచ్చేవారం డైరెక్టరు గారి గదిలో మీటింగు. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అక్కడే తేలుస్తారు. ఈ పని నాకిష్టం మామయ్యా. ఆ ఊడిపోయిన సముద్రంతో సహా ఇష్టం. దయచేసి పెన్ను మూతపెట్టు.

ఇట్లు,
వణుకుతున్న మేనకోడలు

తా.క. ఎందుకు దాచావని అడిగితే నీ పేరు చెప్పలేదు. చెబితే నవ్వుతారు.

*

చిరంజీవి మేనకోడలికి మామయ్య దీవెనలు.

నా పేరు చెబితే నవ్వుతారా? నవ్వమను చూస్తాను. గోదాము చాలకపోతే కట్టినవాణ్ని అడగాలి గానీ గుమస్తాని అంటారా? కణం కంటికి కూడా ఆనదని నువ్వే రాశావు. అంత చిన్నవాటికి చోటు చాలలేదంటే, మిగతా చోటంతా ఎవడు ఆక్రమించాడు? ఆ గడ్డమేనా?

డైరెక్టరుకు మూడు ఉత్తరాలు రాసేశాను. మొదటిదాంట్లో మర్యాదగా అడిగాను. రెండోదాంట్లో బీరువాలు ఎలా పేర్చాలో బొమ్మ గీసిచ్చాను. మూడోదాంట్లో ఆ గడ్డం తీయించమన్నాను. నువ్వు వణక్కు. నీ వెనక నేనున్నాను.

ఆశీస్సులతో,
మామయ్య

తా.క. అత్తయ్యని. ఆయనకి మోకాలు నొప్పి, పోస్టు డబ్బా దాకా నన్నే వెళ్లమన్నారు. అలాగేనన్నాను. నువ్వు నిద్రపో.

*

మామయ్యకి నమస్కారాలు.

ఖాయం చేశారు!

మీటింగులో గడ్డం గారు నా తప్పులన్నీ వరసగా చదివాడు. డైరెక్టరు గారు అంతా విని, "డిస్కు నిండుతుంటే ముందే హెచ్చరిక రాదా?" అని నన్నడిగారు. వచ్చిందండీ, ఈయనకే వెళ్లింది అన్నాను. గడ్డం గారు లాప్‌టాప్ తెరవక తప్పలేదు. మెషీన్లు పంపే మెయిళ్లన్నీ చదవకుండానే చెత్తబుట్టలో పడేలా పెట్టుకున్నాడు మహానుభావుడు! నా ప్రోగ్రాము రోజంతా మొత్తుకుంది, ఆ మొత్తుకోళ్లన్నీ బుట్టలో ఉన్నాయి. ఆ పూట గడ్డం కూడా చిన్నదైనట్టు కనపడింది.

"ఈ అమ్మాయి ఏదీ పారేయలేదు, మీరు అన్నీ పారేశారు. నేర్చుకునే వయసు ఈమెది" అన్నారు డైరెక్టరు గారు.

అక్కడితో లేచొస్తే బాగుండేది. "మా మామయ్య రాసిన ఉత్తరాలకి క్షమించండి" అన్నాను. "ఏ ఉత్తరాలు?" అన్నారాయన. ఏమీ లేదండీ అని తలుపు దాకా వెనక్కి నడిచొచ్చాను.

ఇట్లు,
ఖాయమైన మేనకోడలు

తా.క. చిరునామా సరిగ్గానే రాశావా?

*

బంగారుతల్లికి అత్తయ్య దీవెనలు.

ఇది మీ మామయ్యకి తెలియకుండా రాస్తున్నాను. చిరునామా సరిగ్గానే రాశారు. ఉత్తరాలే పొయ్యిలోకి వెళ్లాయి.

కంగారుపడకు, ఇది కొత్తేమీ కాదు. ఈ మనిషి పెళ్లైన నాటినుంచీ కోపమొస్తే ఉత్తరం రాస్తారు, నన్ను పోస్టు చెయ్యమంటారు. పాలవాడికి, పేపరువాళ్లకి, మంత్రులకి, మా నాన్నకి. పార్సిల్ ఆఫీసులో పై అధికారితో మాటొచ్చినప్పుడల్లా రాజీనామా రాసేవారు. నేను కాల్చేసేదాన్ని. మర్నాడు మామూలుగా ఆఫీసుకెళ్లి, ఎవరూ ఏమీ అనకపోతే, "భయపడ్డాడు వెధవ!" అని సాయంత్రం మీసం తిప్పేవారు. అలా హెడ్ గుమస్తా అయ్యారు. ఒక్కటీ పారేయలేదని గొప్పలు పోయేది ఆ ఉద్యోగం గురించే!

మీ గడ్డానికీ నాకూ తేడా ఒకటే. నేను ప్రతిదీ చదివి పారేశాను.

నీ ఉద్యోగం తన ఉత్తరాల వల్లే ఖాయమైందని ఆయన వీధంతా చెబుతున్నారు. డైరెక్టరు గారు "ఏ ఉత్తరాలు?" అన్నది గడ్డం ముందు బయటపడకూడదనేనట. కాదనకు. ఆయనకి నువ్వంటే ప్రాణం.

ప్రేమతో,
అత్తయ్య

తా.క. మీ డైరెక్టరు గారికి నిన్న కృతజ్ఞతలు చెబుతూ ఇంకోటి రాశారు. చదివితే కళ్లనీళ్లొచ్చాయి, అదొక్కటీ పోస్టు చేశాను. గడ్డం తీయించినందుకు కూడా థాంక్స్ చెప్పారని డబ్బాలో వేశాక గుర్తొచ్చింది.