మెట్ల మీద పది నిమిషాలు

నా కందిరీగకు,

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోన్ ఎత్తగానే నువ్వు స్పీకర్ నొక్కుతావు, పక్కన మీ ఆయన ఉంటాడు. ఇక నేను తిన్నావా, పడుకున్నావా అని తప్ప ఏం అడగగలను? ఇది నువ్వొక్కదానివే చదువుకోవాల్సిన సంగతి.

మీ ఇంట్లో పన్నెండు రోజులున్నాను. మొదటి రోజే స్నానాలగదిలో ఏదో తేడాగా అనిపించింది. నాలుగో నెల కడుపుతో ఉన్నదానివి, కిటికీ పైరెక్క ఎప్పుడు చూసినా బార్లా తెరిచి ఉంచుతున్నావు. మధ్యాహ్నం మూడింటికి నీ పళ్ల బ్రష్షు తడిగా ఉంది. అడిగితే, "వికారంగా ఉంటే తోముకున్నానమ్మా" అన్నావు. సరేననుకున్నాను. ఆ సాయంత్రం "బట్టలు ఆరాయేమో చూసొస్తా" అని డాబా ఎక్కి పావుగంటకు దిగావు. నువ్వు దిగగానే నేను ఎక్కి చూస్తే బట్టల నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. నువ్వు వాటిని ముట్టుకోనైనా లేదు.

"నీ దగ్గర ఏదో కాలిన వాసన వస్తోందే" అన్నాను. "ల్యాబులో మైనం కరిగిస్తాం కదా" అన్నావు. నువ్వు కట్టుడు పళ్లు తయారుచేస్తావని నాకు తెలుసు, మైనం వాసనా తెలుసు. కానీ ఆదివారం, ఉతికిన నీ చొక్కాకు మైనం వాసన ఎక్కడిది? మీ ఆయన్ని కదిపి చూశాను. "అత్తయ్యా, మీరు ఊరికే ఏవేవో ఊహించుకుంటున్నారు" అన్నాడు, నా మొహం చూడకుండా. అతనికి తెలియక అన్నాడో, తెలిసి నిన్ను కాస్తున్నాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

తిరిగొచ్చాక నేను చూపించుకునే డాక్టరమ్మను అడిగాను, ఎవరి గురించో అన్నట్టు. ఆమె విడమరిచి చెప్పింది. తల్లి పీల్చిన పొగ ఊపిరితిత్తుల దగ్గరే ఆగిపోదట. రక్తంలో కలిసి, మాయ దాటి బిడ్డలోకి పోతుందట. ఈ నెలల్లోనే లోపల కాలేయం, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు రూపు కడతాయి. ఏ అవయవం ఎలా ఎదగాలో చెప్పే హార్మోన్లను బిడ్డ ఒళ్లు సొంతంగా తయారుచేసుకోవడం మొదలుపెడుతుంది. పొగ సరిగ్గా అక్కడ అడ్డుపడుతుందట. బిడ్డ పుట్టినప్పుడు బయటికేమీ కనబడకపోవచ్చు, ఎన్నో ఏళ్లకు బయటపడొచ్చు అంది.

నీ మీద నేరం మోపడానికి కాదు ఇదంతా. అవునో కాదో ఒక్క మాట రాయి.

మీ అమ్మ

*

అమ్మకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కాదు. నేను సిగరెట్లు తాగడం లేదు. అది మైనమే. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు.

అయితే ఒకటి. నువ్వు నన్ను అనుమానించిన తీరు చూశాక నాకు నీ మీద అనుమానం మొదలైంది. మామూలు అమ్మయితే ఏం చేస్తుంది? నోరు వాసన చూస్తుంది. నువ్వు నా నోటి జోలికే రాలేదు. తల దువ్వుతానని కూర్చోబెట్టి చెవి వెనక జుట్టు వాసన చూశావు. మెటికలు విరుస్తానని కుడిచెయ్యి తీసుకుని సరిగ్గా రెండు వేళ్ల మధ్య ముక్కు పెట్టావు. స్నానాలగదిలోకి వెళ్లగానే పైకి, కిటికీ గట్టు వైపు చూశావు. బూడిద ఎక్కడ రాలుతుందో నీకెలా తెలుసమ్మా? నాన్న జన్మలో ముట్టుకోలేదు. మన ఇంటికి వచ్చిన చుట్టాల్లో కూడా ఎవరికీ ఆ అలవాటు లేదు.

ఇంకోటి కూడా అడుగుతాను, ఎలాగూ కుట్టడం మొదలుపెట్టాను కాబట్టి. అన్నయ్య పెళ్లయి ఆరేళ్లు. వదిన పిల్లల కోసం ఇంజెక్షన్లు పొడిపించుకుని వచ్చిన ప్రతిసారీ నువ్వు ఏదో పని కల్పించుకుని గదిలోంచి వెళ్లిపోతావు. మొన్న మేనత్త అందరి ముందూ "ఆ పిల్ల కడుపు పండే రకం కాదు" అంది. ఎవరినైనా ఒక్క మాటతో నోరు మూయించగలదానివి, ఆ రోజు కడిగిన పళ్లేన్నే మళ్లీ మళ్లీ కడుగుతూ నిలబడ్డావు. నేను చూశాను. వదినా చూసింది.

నా సంగతి అడిగావు, చెప్పాను. ఇప్పుడు నీ సంగతి చెప్పు.

నీ కూతురు

*

నా చిట్టితల్లికి,

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. నాలుగుసార్లు రాయబోయి చింపేశాను.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేదాన్నని నీకు తెలుసు. అక్కడ ఇరవైమందిమి వరసగా, చెవులకు హెడ్‌ఫోన్లు బిగించుకుని కూర్చునేవాళ్లం. మా సూపర్‌వైజరమ్మ మహా గట్టిది. మంచినీళ్లకు లేచినా గడియారం చూసేది. కానీ ఆమెకూ సిగరెట్ అలవాటుంది. అందుకని తాగేవాళ్లను మాత్రం పది నిమిషాలు వెనక మెట్ల మీదికి వెళ్లనిచ్చేది. తాగనివాళ్లు సీటు వదలకూడదు. నాకు మొదట సిగరెట్ వద్దు, మెట్లు కావాలి. గాలి కావాలి, వీపు ఆనించడానికి ఒక గోడ కావాలి. తర్వాత్తర్వాత సిగరెట్టే కావాల్సొచ్చింది. ఇంటికొచ్చేలోపు వాసన ఎలా పోగొట్టాలో ఆ మెట్ల మీదే నేర్చుకున్నాను.

మీ అన్నయ్య కడుపులో ఉన్నప్పుడు రోజుకు నాలుగు తాగాను. ఏడో నెల దాకా. మీ నాన్నకు తెలియదు. నువ్వు కడుపులో పడేనాటికి నన్ను ఫిర్యాదుల విభాగానికి మార్చారు. అక్కడ మెట్లూ లేవు, ఆ స్నేహితురాళ్లూ లేరు, అలవాటు మెల్లగా పోయింది. నీ మీద ప్రేమ ఎక్కువై మానేశానని చెప్పుకోలేను.

అన్నయ్యకు రెండున్నరేళ్లప్పుడు ఆపరేషన్ జరిగిందని విన్నావు కదా, గిలక అని, పేగు జారిందని చెప్పాం నీకు. గిలక కాదు. వాడి బీజాలు రెండూ కిందికి దిగలేదు. ఆపరేషన్ ముందు డాక్టరు కాగితం మీద రాసుకుంటూ, "కడుపుతో ఉన్నప్పుడు పొగ తాగారా?" అని అడిగాడు. పక్కన మీ నాన్న, మీ నానమ్మ. "లేదండీ" అన్నాను. ఆయన రాసుకున్నాడు. అంతే, అయిపోయింది. నా జీవితంలో అంత తేలిగ్గా ఆడిన అబద్ధం ఇంకోటి లేదు.

మొన్న డాక్టరమ్మతో ఇదంతా నాదేనని ఒప్పుకున్నాను. "ఒక్క బిడ్డను చూపించి ఇది పొగ వల్లే అని ఎవరూ చెప్పలేరమ్మా, పొగ తాగని తల్లులకూ ఇలాంటి పిల్లలు పుడతారు" అంది. "అయితే నా వల్ల కాదంటారా?" అన్నాను. "అలాగనీ చెప్పలేను" అంది. ఆ రెండు మాటల మధ్యే తిరుగుతున్నాను.

పిల్లలు పుట్టకపోవడం వాడి వైపు నుంచి కావచ్చని పెళ్లయిన రెండో ఏడే నాకు తోచింది. అయినా నోరు విప్పలేదు. నోరు విప్పితే ఆపరేషన్ సంగతి వస్తుంది, దాని వెనకే ఆ ప్రశ్న వస్తుంది. ఒకరోజు కోడలు నా పక్కన కూర్చుని, "నాలో ఏం లోపముందో ఎవరూ చెప్పట్లేదు అత్తయ్యా" అంది. నేను దాని తల నిమిరాను. ఆ చెయ్యి తలచుకుంటే ఇప్పుడు నాకే అసహ్యం.

ఈ ఆదివారం వాళ్లింటికి వెళ్లి ఇద్దరికీ చెప్పేస్తాను. నువ్వు నాకు నిజం చెప్పకపోయినా ఫరవాలేదు. నీ డాక్టరుకు మాత్రం అబద్ధం చెప్పకు.

మీ అమ్మ

*

అమ్మా,

ముందు నా సంగతి. అది మైనం కాదు. రోజుకు అయిదు తాగేదాన్ని, నెల తప్పాక రెండుకు తగ్గించాను. రెండే కదా అని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. నీ ఉత్తరం పట్టుకుని గురువారం ఆయనతో కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయనకు తెలుసు, నన్ను కాస్తూనే వచ్చాడు. డాక్టరు తిట్టలేదు. జరిగింది వెనక్కి తీసుకోలేమంది, కానీ బిడ్డ ఎదగాల్సింది ఇంకా చాలా ఉంది, ఇవాళ మానేసినా మేలే అంది. మాన్పించడానికి వారంవారం ఒకావిడ దగ్గరికి పంపుతోంది. ఫారంలో "పందొమ్మిదో వారం దాకా తాగాను" అని నా చేత్తో నేనే రాశాను. మానేసి ఆరు రోజులు. ఎదురుపడ్డవాళ్లందరి మీదా అరుస్తున్నాను.

ఇక ఆదివారం సంగతి. నువ్వు చెప్పాల్సింది చెప్పేసి, వాళ్లు నోరు తెరిచేలోపే ఆటో ఎక్కేశావట. అందుకే తర్వాత జరిగింది నీకు తెలియదు. వదిన ఫోన్ చేసి చెప్పింది.

అన్నయ్యకు మూడేళ్ల క్రితమే తెలుసమ్మా. పరీక్ష చేయించుకున్నాడు. లోపం తనదేనని కాగితం చేతికొచ్చింది. ఎవరికీ తెలియకూడదని వదినను బతిమాలాడు. మేనత్తలూ పిన్నులూ ఏమన్నా తనే పడతానంది ఆవిడ. అక్కర్లేని ఇంజెక్షన్లు కూడా, చికిత్స ఆగిపోతే నువ్వు ఆరా తీస్తావని, కొన్నాళ్లు పొడిపించుకుంది. నాలో ఏం లోపముందో అని నీ దగ్గర అన్న రోజు నిజం ఆవిడకు తెలుసు. నీకేమైనా తెలుసేమోనని కదిపి చూసిందట. నువ్వు తల నిమిరి లేచి వెళ్లిపోయావు. నీకు తెలుసని అప్పుడే అర్థమైందట.

నువ్వు వెళ్లాక అన్నయ్యతో వదిన, "మీ అమ్మ ఆ వయసులో వచ్చి చెప్పుకుంది. ఇక మీ వంతు" అందట. వాడు అక్కడే కూర్చుని మేనత్తకు ఫోన్ చేశాడు. "లోపం నాది అత్తా, తనది కాదు. ఇంకోసారి ఆ మాట అనకు" అన్నాడు. మేనత్త ఏమందో వదినకు వినిపించలేదు. వినాలని కూడా లేదంది.

నీ మీద కోపమా అని అడిగాను. "ఉంది. ఉండదని ఎందుకు చెప్పాలి? ఆయన మీదా ఉంది. కానీ ఆరేళ్లలో ఈ ఇంట్లో మొదటిసారి ఒక మనిషి తప్పు నాదని ఒప్పుకుంది" అంది. ఆ తర్వాత ఏడ్చింది. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి.

ఈ వారం మీ ఇంటికి రాదట. పై వారం వస్తుందట, ఒక్కతే. వచ్చినప్పుడు నువ్వు క్షమాపణ అడగొద్దని చెప్పమంది. అడిగితే ఫరవాలేదు అత్తయ్యా అనాల్సొస్తుంది, ఆ మాట అనడానికి తనింకా సిద్ధంగా లేదట. ఊరికే పక్కన కూర్చోమంది. ఈసారి మాత్రం నువ్వు ముందుగా లేవకు.

నీ కూతురు