చూసిన వీడియోల జాబితా

చెల్లీ,

ఆశీస్సులు తర్వాత. ముందు తలుపు వేసుకుని ఇది చదువు. మీ బావ పక్క గదిలోనే ఉన్నారు, అందుకే ఫోన్ చేయలేదు.

పోయిన నెల నువ్వొచ్చి కుట్టు నమూనాలు తీసుకున్నావే, ఆ కంప్యూటరు తుడుస్తూ చూడకూడనిది చూశాను. అందులో చూసిన వీడియోల జాబితా ఉంటుందట, ఎక్కడ కూర్చుని చూసినా అందులో ఎక్కుతుందట. ఒకటి: తాళంచెవి లేకుండా తాళం తీయడం. రెండు: బరువైనదాన్ని చప్పుడు కాకుండా ఒక్కరే జరపడం. మూడు: నేల తవ్వి, ఆనవాలు తెలియకుండా సిమెంటు చేయడం.

ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మనిషి గోడకు మేకు కొట్టి ఎరగరు! తేదీ, వేళ నోటుబుక్కులో ఎక్కించాను. మూడూ పగలు పదకొండింటికే. అంటే ఆఫీసులో కూర్చుని చూస్తున్నారు. ఎంత తెలివి!

ఇట్లు,
కాళ్లూ చేతులూ ఆడని అక్క

తా.క. నా బరువు అరవై ఎనిమిది కిలోలు. నేను 'బరువైనదాని' కిందకు వస్తానా?

*

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బావగారా! చీమ అడ్డొస్తే పక్కకు జరగమని బతిమాలే మనిషి!

నీకోసం నా కుట్టు కొట్టు మూసేసి మరీ నెట్‌లో గాలించాను. అబద్ధమాడేవాళ్లు ముక్కు గోక్కుంటారట. ఆయనతో మాటలు మానేసి, ముక్కు మీద కన్నేసి ఉంచు.

ఇట్లు,
ఇక్కడ ముద్ద దిగని చెల్లి

తా.క. ఆయన టీ పెట్టి ఇస్తే తాగకు.

*

చెల్లీ,

నీ నోట్లో ఏముందో గానీ, జన్మలో మొదటిసారి టీ పెట్టి తెచ్చారు! కుండీలో పోశాను. మొక్క ఇంకా బతికే ఉంది. నిదానంగా పనిచేసే రకమేమో.

వారంగా నేను నోరు విప్పలేదు. ముక్కు పదకొండుసార్లు గోక్కున్నారు. జలుబట!

జాబితా పెరిగింది. నాలుగు: భాగస్వామి అబద్ధాన్ని కనిపెట్టడం. తిరిగి నన్నే పరీక్షిస్తున్నారు! ఐదు: విషం ఎక్కితే కనిపించే లక్షణాలు. ఆరు: విడాకులకు మంచి లాయరును ఎంచుకోవడం. ఏడు: చేసిన తప్పేమిటో తెలియనప్పుడు భార్యను క్షమాపణ అడగడం. ఏ తప్పూ చేయకపోతే క్షమాపణతో పనేమిటి? ఇంతకంటే సాక్ష్యం కావాలా?

పెట్టె సర్దేశాను. శనివారం నీ దగ్గరికి వచ్చేస్తున్నా. ఇక ఈ ఇంటి గడప తొక్కను.

ఇట్లు,
నీ దిక్కులేని అక్క

తా.క. రుజువు కోసం ఆ వీడియోలన్నీ నేనూ చివరిదాకా చూశాను. మూడేళ్లుగా రాని అటక తాళం తలపిన్నుతో తీసేశాను.

*

అక్కా,

పెట్టె దించు! నీ కాళ్లు పట్టుకుంటాను, దించు!

నాలుగూ ఐదూ ఆరూ చూసింది నేను. నీకోసమే చూశాను. ఆ రోజు మీ కంప్యూటరులో నా ఖాతా తెరిచి, మూయకుండా వచ్చేశాను. ఇక్కడ నేనేం చూసినా అక్కడ ఎక్కుతోంది.

మొదటి మూడూ నావే. కొట్లో బీరువా తాళం బిగుసుకుపోయింది. తాళం తీయడం నేర్పినాయనే బీరువా జరపడం చూపించాడు. జరిపితే కింద నేలంతా గుంత. అలా ఒకదాని వెంట ఒకటి చూసుకుంటూ పోయి, బట్టలు కుట్టుకునేదాన్ని తాపీపని నేర్చేసుకున్నాను. నీ మొదటి ఉత్తరం చూసి, 'అరె, నేను చూసినవే బావగారూ చూశారే' అనుకున్నాను. నేను బీరువా కోసం, ఆయన నీకోసం అనుకున్నాను!

ఇట్లు,
నీకు మొహం చూపించలేని చెల్లి

తా.క. ఏడోది మాత్రం నాది కాదు. నాకు భార్య ఎక్కడిదే? పాపం, అది ఆయన మీ ఇంట్లోనే, ఆ కంప్యూటరు ముందే కూర్చుని చూసుకున్నది. ఈసారి టీ కుండీలో పోయకు.