లాగోస్ పేరు విని నవ్వినప్పుడు

మంగళవారం, హాంబర్గ్. పొద్దున్నుంచీ వాన.

గోదాము క్యాంటీన్‌లో శ్రీను తన బావమరిదికి నైజీరియాలోని లాగోస్‌లో ఉద్యోగం వచ్చిందని చెప్పాడు. "పోవద్దని చెప్పిన వానికి. పట్టపగలే దోచుకుంటరట. తొమ్మిదేండ్లు ఆడ నువ్వెట్ల బతికి బయటపడ్డవే అన్నా?" అన్నాడు. మా తెలుగువాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అదే బల్ల దగ్గర ఇమ్మాన్యుయేల్ తింటున్నాడు. అతనిది లాగోస్. తెలుగు రాదు గానీ ఊరి పేరు, దాని వెంట నవ్వు విన్నాడు.

నేను అన్నాను: "అక్కడ నాకు మలేరియా వస్తే కింది ఇంటావిడ పదకొండు రోజులు సూప్ కాచి తెచ్చింది. నా ఇంటి తాళంచెవి ఆవిడ దగ్గరే ఉండేది. ఒక్క వస్తువూ పోలేదు."

శ్రీను నవ్వు ఆపాడు. "సరే అన్నా, మా బావమరిదితోని నువ్వే ఒకసారి మాట్లాడు" అన్నాడు.

అదంతా తెలుగులోనే చెప్పానని అప్పుడు తోచలేదు. సాయంత్రం బస్టాపులో ఇమ్మాన్యుయేల్, "మా ఊరి గురించి ఏం మాట్లాడుకున్నారు?" అని జర్మన్‌లో అడిగాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, "సూప్ గురించి" అన్నాను. అతను తలూపాడు.

నేను బాధపడాలి. ఏమీ అనిపించడం లేదు. అతను రోజూ బస్సులో నా పక్కన కూర్చునేవాడు. ఇవాళ ముందుకు వెళ్లి, డ్రైవరు వెనక నిలబడ్డాడు. నా పక్క సీటు ఖాళీగానే ఉంది.