తొట్టిలో ఎర్రటి ముద్ద

ఆదివారం, రాత్రి

మా తొట్టిలో కొర్రమీనుకు పిల్లలయ్యాయి! చేపపిల్లల్ని పెంచి అమ్మే హేచరీ నుంచి తెచ్చిన జత ఇంటి తొట్టిలో గుడ్లు పెట్టి పిల్లలు కావడం చాలా అరుదట. నా బిడ్డ లావణ్య రెండేళ్లు పడ్డ కష్టం వృథా పోలేదు. పొద్దున నీళ్ల మీద ఎర్రటి ముద్దలా పిల్లలు కనబడగానే కంఠేశ్వర్ గల్లీ అంతా వినేలా అరిచాను.

"పిల్లలైతే ఉన్నయి, మగది ఏడ వోయింది బాపూ?" అంది లావణ్య.

"ముద్ద కిందనే ఉంటది, సూడు. సచ్చినా పిల్లల్ని ఇడిసి పోదు."

నిజంగానే అక్కడే ఉంది.

"అరె! నేను పుస్తకాలు సదివితే గాని తెల్వలే, నీకెట్ల ఎరుక? చెప్పు, రాసుకుంట."

"చెరువు కాడ పెరిగినోన్ని, తెల్వదా?" అని నవ్వి తప్పించుకున్నాను.

ఎలా చెప్పను? బోధన్ చెరకు చేల పక్కన చెరువులో నేనూ తమ్ముడు రాజన్నా ఆ ఎర్రటి ముద్ద కోసమే వెతికేవాళ్లం. కనబడితే సరిగ్గా దాని కిందికి ఈటె పొడిచేవాళ్లం. తండ్రి చేప పారిపోదని మాకు తెలుసు. అది పోయాక పిల్లల్ని వేరే చేపలు మింగేసేవి. మేం నవ్వుకుంటూ ఇంటికొచ్చేవాళ్లం.

సాయంత్రం మేత వేస్తుంటే మగది ఎగిరి వేలు కరిచింది. ఇంకా మండుతోంది. ఇంత సంతోషంలోనూ కళ్లు మూస్తే ఆ చెరువే...

రేపు ఈ శుభవార్త చెప్పాల్సినవాళ్లు: మోర్తాడ్ అక్క, మెండోర బావ, బోధన్ చిన్నమ్మ, రాజన్న. లావణ్యకు పిల్లల సంగతి తెలుసు. తనకు ఈటె సంగతి చెప్పాలి.